కన్న బిడ్డయా, చేసిన బిడ్డయా?

ధ్యానమునకు: యోబు 1:1–5, 42:10–17. కీర్తన 139:13–16.



పట్టణములలో కాలేజీ చదువులు చదువుకొను మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చునప్పుడు పుస్తకముల సంచితోపాటు కొన్ని ప్రశ్నలను కూడ తెచ్చుచుందురు. వాటిలో ఒకటి క్లోనింగును గూర్చినది. గొఱ్ఱెకు అచ్చు గ్రుద్దినట్లు మరియొక గొఱ్ఱెను పుట్టించిరి గదా, రేపు మనుష్యుని కూడ అట్లు పుట్టించినయెడల ఆ మనుష్యుడు దేవుడు చేసినవాడగునా, డాక్టరు చేసినవాడగునా అని వారు అడుగుదురు.

ప్రశ్న అడిగిన పిల్లవానిని గద్దించి కూర్చుండబెట్టుట సులభము. అది సాతాను విద్య, దాని జోలికి పోవద్దని చెప్పి, ప్రార్థన చేసి పంపివేయవచ్చును. అయితే అట్లు చేసినయెడల ప్రశ్న పోదు, పిల్లవాడే పోవును. సమస్తమును పరీక్షించి మేలైనదానిని గట్టిగా పట్టుకొనుడని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘమునకు బోధించెను. గనుక ఈ నెల మనము ముందుగా ఈ సంగతిని ఉన్నదున్నట్లు తెలిసికొని, తరువాత దానిని వాక్యపు త్రాసులో తూచి చూతము.

సంగతి ఏమి?

క్లోనింగు అను మాట లేతకొమ్మ అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చినది. మాట క్రొత్తదైనను ఆ పని మన రైతులకు తెలియనిది కాదు. అరటితోటలో తల్లిచెట్టు మొదట వచ్చు పిలకను త్రవ్వి వేరొకచోట నాటుదుము. చెరకును గింజ చల్లి పండించము. గడను ముచ్చెలుగా నరికి నాటుదుము. బంగినపల్లి మామిడి టెంకెను పాతినయెడల తల్లిచెట్టు కాయయే కాయునని నమ్మకము లేదు గనుక అంటు కట్టుదుము. పిలకయు, ముచ్చెయు, అంటుకొమ్మయు తల్లిచెట్టు గుణములనే తెచ్చుకొనును. ఏలయనగా అందులో రెండవ చెట్టు పాలు లేదు. ఇది చెట్లకు దేవుడు పెట్టిన మార్గములలో ఒకటి. దానిని తప్పుపట్టువాడు ఎవడును లేడు.

పశువులకును మనుష్యులకును మార్గము వేరు. మన దేహము కోట్లకొలది కణములతో కట్టబడినది. దాదాపు ప్రతి కణము లోపలను కేంద్రకము అను గది యుండును. మనుష్యుని కేంద్రకములో 46 క్రోమోజోములుండును. 23 తల్లివి, 23 తండ్రివి. ఆ రెండు సగములు కలియుటచేత ఏ బిడ్డయు అచ్చముగా తల్లియు కాక, అచ్చముగా తండ్రియు కాక, ముందెన్నడును లేని క్రొత్త ప్రాణియై పుట్టును.

క్లోనింగులో ఈ కలయిక లేదు. ఒక ఆడుప్రాణి అండమునుండి కేంద్రకమును తీసివేసి, పెరిగిన మరియొక ప్రాణి శరీరములోని కణమును దానితో కలుపుదురు. స్వల్పమైన విద్యుత్తు తగిలించుటచేత ఆ రెండును ఒకటై పిండమువలె ఎదుగ మొదలుపెట్టును. పిమ్మట దానిని ఇంకొక తల్లి గర్భములో ఉంచుదురు. పుట్టిన పిల్ల ఆ కణము ఎవరిదో వారికి ఆలస్యముగా పుట్టిన కవల యగును.

1962లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ గర్డన్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్ప ప్రేగు కణములోని కేంద్రకముతో కప్పలను పుట్టించిన సంగతి ప్రకటించెను. ఆయనకు అందునిమిత్తము 2012లో నోబెలు బహుమానము దొరికెను. పాలిచ్చు ప్రాణులలో, పెరిగినదాని కణమునుండి పిల్ల పుట్టుట మాత్రము అసాధ్యమని చాలకాలము తలంచిరి. 1996 జూలై 5న స్కాట్లండులో ఎడింబరో పట్టణము దగ్గరనున్న రోస్లిన్ పరిశోధనాలయములో డాలీ అను గొఱ్ఱెపిల్ల పుట్టెను. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ అనువారును వారి తోడివారును ఆరేండ్ల గొఱ్ఱె పొదుగునుండి తీసిన కణముతో ఆ పని చేసిరి. మోసిన తల్లి నల్లముఖపు జాతిది. పుట్టిన పిల్ల తెల్లముఖముది. దానిని చూచినంతనే, మోసిన తల్లి పోలిక కాదని ఎవరికైనను తెలియును. 1997 ఫిబ్రవరిలో ఈ వార్త లోకమంతట ప్రాకెను.

మన దేశములోను ఇట్టి పని జరిగినది. హర్యానా రాష్ట్రములో కర్నాలుననున్న జాతీయ పాడిపరిశ్రమ పరిశోధనాలయములో 2009 ఫిబ్రవరిలో క్లోనింగు ద్వారా గేదె దూడ పుట్టి కొద్ది దినములకే చనిపోయెను. అదే సంవత్సరము జూన్ నెలలో గరిమ అను పెయ్యదూడ పుట్టి రెండేండ్లకు పైగా బ్రదికెను. 2023 మార్చిలో గిర్ జాతి ఆవుకు గంగ అను దూడను అక్కడనే పుట్టించిరి. ఎక్కువ పాలిచ్చు పశువుల సంతతిని పెంచవలెనన్నదే వారి ఉద్దేశము. పశువులమీద మనకు దేవుడు ఏలుబడి నిచ్చెను. క్రూరత్వము లేకుండ చేసినయెడల ఇది మంచి కోడెదూడను ఎన్నుకొని మందను పెంచు పని వంటిదే యని నేను తలంచుచున్నాను.

మనుష్యుని సంగతి ఎంతవరకు వచ్చినది?

నేటివరకు క్లోనింగు ద్వారా మనుష్య శిశువు పుట్టినట్లు రుజువు లేదు. 2002 డిసెంబరులో ఒక క్రొత్త మతమువారి సంస్థ అట్టి ఆడుబిడ్డ పుట్టినదని చాటించెను గాని, బిడ్డనైనను రుజువునైనను ఎవరికిని చూపలేదు. దక్షిణ కొరియాలో హ్వాంగ్ ఊ సుక్ అను శాస్త్రజ్ఞుడు క్లోనింగు చేసిన మనుష్య పిండములనుండి కణములు తీసితినని 2004లోను 2005లోను వ్రాసెను. అవి కల్పించిన లెక్కలని తరువాత బయటపడెను. 2013లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రములో షూఖ్రత్ మిటాలిపోవ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఆ పనిని నిజముగానే చేసిరి. అది బిడ్డను పుట్టించుటకు కాదు. వైద్యమునకు పనికివచ్చు కణములను తీయుటకు. 2018 జనవరిలో చీనా దేశపు శాస్త్రజ్ఞులు షాంఘైలో రెండు కోతిపిల్లలను పుట్టించినట్లు తెలియజేసిరి. కోతి మనుష్యుని దేహమునకు దగ్గరి ప్రాణి గనుక త్రోవ దగ్గరపడినదని గ్రహింపవలెను.

ఈ త్రోవకు అడ్డముగా లోకము కొన్ని కంచెలు వేసినది. 1997లో యునెస్కో సంస్థ మానవ జన్యువులను గూర్చిన ప్రకటనలో, బిడ్డలను పుట్టించు క్లోనింగు మనుష్యుని ఘనతకు విరుద్ధమని చెప్పెను. ఆ సంవత్సరమే స్కాట్లండు సంఘపు మహాసభ, డాలీ పుట్టిన దేశములోనే, మనుష్యుల క్లోనింగును ఎదిరించి తీర్మానించెను. 2005 మార్చి 8న ఐక్యరాజ్యసమితిలో దీనికి విరోధమైన ప్రకటన 84 దేశములు సమ్మతింపగా, 34 వ్యతిరేకింపగా, 37 ఏ పక్షమును చేరకుండగా నెగ్గెను. మన దేశములో 2017 నాటి మూలకణ పరిశోధనా నియమములు మనుష్యుని ఈ విధముగా పుట్టించుటను నిషేధించుచున్నవి. కంచె మంచిదే. అయితే కంచె ఎందుకు వేసితిమో తెలియని కుమారుడు రేపు దానిని పీకివేయును. గనుక కారణమును తెలిసికొనవలెను.

చాలని కారణములు

కొందరు ఇది క్రొత్త పని గనుక పాపమందురు. ఇది నిలువదు. 1978 జూలై 25న ఇంగ్లండులో, తల్లి గర్భమునకు వెలుపల కలిపిన పిండమునుండి మొదటి శిశువు పుట్టెను. అదే యేట అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ పని ద్వారా మన దేశములోను అట్టి శిశువు పుట్టెను. అప్పుడు భయపడినవారు అనేకులు. నేడు అట్టి వైద్యము చేత బిడ్డను పొందిన దంపతులు మన సంఘములలోను ఉండవచ్చును. వారి బిడ్డను చూచి మనము దేవుని స్తుతింతుమే గాని ముఖము త్రిప్పుకొనము. ఆ బిడ్డలో తల్లిపాలు తండ్రిపాలు కలిసి క్రొత్త ప్రాణి పుట్టినది. చేయి డాక్టరుది, వరము దేవునిది.

మరికొందరు ఒకే రూపముగలవారు ఇద్దరుండుట దేవుని చిత్తము కాదందురు. ఇదియు నిలువదు. ఒకే పిండము రెండుగా చీలి పుట్టిన కవలలు మన ఊళ్లలోనే యున్నారు. ఇరుగుపొరుగువారు పోల్చుకొనలేక తికమకపడుదురు గాని తల్లి పోల్చుకొనును. దేవుడును ఒకరి ప్రార్థనను మరియొకరి ప్రార్థనగా వినడు. వారి వ్రేలిముద్రలు సహితము ఒకటి కావు.

ఇంకొందరు అపాయమును చూపుదురు. ఇది బలమైన కారణము. డాలీ కొరకు 277 అండములతో ఆ పని మొదలుపెట్టగా, 29 పిండములు మాత్రమే గర్భములో ఉంచుటకు తగినవాయెను. వాటిని 13 గొఱ్ఱెలలో ఉంచగా ఒక్క పిల్ల పుట్టెను. షాంఘైలో 79 పిండములను 21 ఆడుకోతులలో ఉంచగా రెండు పిల్లలు దక్కెను. అవియు ఇంకను పుట్టని కోతిపిల్ల కణములనుండి వచ్చినవి. పెరిగిన కోతి కణములతో చేసినప్పుడు 181 పిండములను 42 కోతులలో ఉంచిరి. పుట్టిన పిల్లలు రెండు, ఆ రెండును వెంటనే చనిపోయెను. మిగిలినవన్నియు గర్భములలోనే పోయెను. ఆ కోతుల స్థానములో మన అక్కచెల్లెండ్రను, ఆ పిండముల స్థానములో మన బిడ్డలను నిలువబెట్టి ఆ లెక్కను మరల చదువుడి. ఈ ఒక్క కారణము చేతనే నేడు మనుష్యునిమీద ఈ పని చేయుట ఘోరమైన నేరము.

అయినను ఇది నేటి కారణము. రేపు వారి చేయి తిరిగి, ఒక్క ప్రాణమైనను పోకుండ బిడ్డను పుట్టించగలిగినయెడల అప్పుడు మనమేమి చెప్పుదుము? అప్పుడును నిలుచు కారణము మనకు కావలెను.

పోయినవాడు తిరిగి వచ్చునా?

మనుష్యుడు ఈ విద్యను దేనికొరకు కోరును? పిల్లలు లేనివారు కోరవచ్చును. తన్ను తాను మిక్కిలి ప్రేమించుకొను ధనవంతుడు కోరవచ్చును. అయితే అందరికంటె కన్నీటితో కోరువారు బిడ్డను పోగొట్టుకొనినవారు. ఎదిగిన కుమారుని సమాధి చేసిన ఒక తల్లి ఈ సంగతి విని, "వాడి జుట్టు కాస్త దాచుకున్నాను అయ్యగారూ, దానితో మా వాడు మళ్ళీ వస్తాడా?" అని నన్నడిగినది. ఆమెను నవ్వుటకు ఎవనికిని హక్కు లేదు. ఆమెకు నిజము చెప్పవలెను.

నిజమేమనగా, వచ్చునది వాడు కాదు. పశువులలోనే ఈ సంగతి తేలిపోయినది. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో మూడురంగుల పిల్లి కణమునుండి పిల్లను పుట్టించిరి. కేంద్రకము తల్లిదే, అయినను పిల్లకు తల్లి రంగులు రాలేదు. ఎఱ్ఱరంగు దానికి బొత్తిగా లేదు.

ఆ రాష్ట్రములోనే ఒక రైతుకు ఛాన్సు అను ఎద్దు ఉండెను. అది బ్రాహ్మన్ జాతిది. మన ఒంగోలు పశువులు మొదలైన భారతదేశపు జాతులనుండి అమెరికావారు పెంచిన జాతి. ఆ ఎద్దు మిక్కిలి సాధువు. పిల్లలు వీపు మీద ఎక్కి కూర్చుండినను కదలెడిది కాదు. యజమానుడు దానిని కన్నబిడ్డవలె ప్రేమించెను. దాని కణమునుండి 1999లో దూడను పుట్టించిరి. దానికి రెండవ ఛాన్సు అని పేరు పెట్టిరి. కొన్ని అలవాట్లు కూడ పోలియుండుట చూచి, పోయిన ఎద్దే తిరిగి వచ్చినదని ఆయన మురిసిపోయెను. అయితే అది పెరిగిన తరువాత రెండు మారులు ఆయన మీదపడి గాయపరచెను. ఆయన దానిలో పాత ఎద్దును వెదకెను. దానికి ఆ పాత ఎద్దు ఎవరో తెలియదు. అది తన బ్రదుకు తాను బ్రదుకుచుండెను.

ఎద్దు విషయమే ఇట్లుండగా మనుష్యుని మాట చెప్పనేల? తల్లి ఒడిలో నేర్చిన మొదటి మాట, ఆదివారపు బడిలో నేర్చిన పాట, తమ్మునితో పోట్లాడి మరల కలిసికొనిన సాయంకాలము, చివరి జబ్బులో చేసిన ప్రార్థన ఇవి వెండ్రుకలో లేవు, రక్తపు బొట్టులో లేవు. ఆ పోలికతో మరియొక బిడ్డ పుట్టినయెడల, వాడు పోయినవాని తమ్ముడు మాత్రమే. చనిపోయిన అన్న చొక్కా తొడిగి, అన్న పేరుతో పిలిచి, అన్నవలె నవ్వుమని మనము వానిని బలవంతపెట్టుదుము. వాడు నవ్వలేనప్పుడు తల్లి రెండవ మారు ఏడ్చును. ఆ యేడ్పుకు తానే కారణమని ఆ బిడ్డ తలంచును. దుఃఖము తీరలేదు, దానిని మోయుటకు ఒక పసివాడు పుట్టించబడెను, అంతే.

ఇక్కడ యోబు గ్రంథములో ఒక లెక్కను శ్రద్ధగా చూడుడి. మొదట యోబుకు 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడు గాడిదలు ఉండెను. ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉండిరి. అన్నియు పోయెను. కడపట దేవుడు అతనికి అన్నిటిని రెండంతలుగా ఇచ్చెను. గొఱ్ఱెలు 14,000, ఒంటెలు 6,000, ఎడ్లు 1,000 జతలు, గాడిదలు 1,000. మరి పిల్లలు? ఇరువదిమంది కారు. మరల ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలే. లెక్క తప్పినదా? తప్పలేదు. పోయిన గొఱ్ఱెకు బదులు గొఱ్ఱె వచ్చును గనుక మందను రెండింతలు చేయవచ్చును. పోయిన కుమారునికి బదులు కుమారుడు లేడు. మొదటి పదిమంది దేవునియొద్ద నున్నారు, తరువాతి పదిమంది ఇంటనున్నారు. రెండింతలు అయినది గదా అని మన పెద్దలు చెప్పుచుండిరి. తరువాత పుట్టిన కుమార్తెలకు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని వారి సొంత పేర్లు పెట్టెను. వారు ఎవరికిని మారుగా పెరుగలేదు.

హేబెలు చనిపోయిన తరువాత షేతు పుట్టగా, దేవుడు హేబెలునకు ప్రతిగా మరియొక సంతానమిచ్చెనని హవ్వ పలుకలేదా యని మీలో వాక్యము తెలిసినవారు అడుగవచ్చును. పలికెను. తల్లి హృదయము అట్లే పలుకును. అయితే ఆమె ఆ బిడ్డకు హేబెలు అని పేరు పెట్టలేదు, షేతు అనియే పిలిచెను. పైగా దేవుడు ఇచ్చెనని చెప్పెను. నేను చేసికొంటినని చెప్పలేదు.

కనుట వేరు, చేయుట వేరు

ఇప్పుడు రేపటికిని నిలుచు కారణమునకు వచ్చితిమి. మన భాషలో కుండను చేయుట అందుము, బిడ్డను కనుట అందుము. ఈ రెండు మాటలను ఎవరును తారుమారు చేయరు. కుమ్మరి కుండను చేయకముందే అది ఏమి కావలెనో నిర్ణయించును. ఆ రూపము రాకపోయినయెడల పగులగొట్టును. కుండ ఎన్నడును కుమ్మరితో సమానము కాదు. కన్న బిడ్డ అట్లు కాదు. వాడు ఎట్టివాడగునో తల్లిదండ్రులకు తెలియదు. నల్లనివాడో తెల్లనివాడో, చురుకైనవాడో మందుడో, పుట్టినవానిని పుట్టినట్లు చేతులతో అందుకొందురు. నేడు ఒడిలో నున్నవాడు రేపు తండ్రి ప్రక్కను సమానుడై నిలుచును; తండ్రి ముసలివాడైనప్పుడు ఆయన చేయి పట్టుకొని నడిపించును.

నైసియా విశ్వాసప్రమాణములో సంఘము కుమారుడైన క్రీస్తును గూర్చి, ఆయన తండ్రికి జనితుడే గాని నిర్మితుడు కాడని ఒప్పుకొనెను. తండ్రితో సమానుడు గనుక ఆ మాట అవసరమాయెను. ఇంగ్లండు దేశపు దైవశాస్త్ర పండితుడైన ఆలివర్ ఓడొనోవన్ ఆ మాటనే తీసికొని, జనితుడా నిర్మితుడా అను అర్థమిచ్చు పేరుతో 1984లో ఒక పుస్తకము ప్రకటించెను. మనము కన్నవాడు మనతో సమానుడు, మనము చేసినది మన క్రింద నుండునది అని ఆయన ఆ భేదమును చూపెను. బిడ్డను చేయుటకు దేవుడొక్కడే అర్హుడు. మనలను చేసినవాడును ఆయనయే గనుక తండ్రియు బిడ్డయు ఆయన యెదుట ఒక్క వరుసలో నిలుతురు.

క్లోనింగు ఈ వరుసను చెరుపును. బిడ్డ పుట్టకముందే, నీవు ఫలానావానివలె ఉండవలెనని మరియొకడు నిర్ణయించును. ఏ రోగము ఏ ప్రాయమున వచ్చునో, తల ఎప్పుడు నెరయునో, ముసలితనమున ముఖమెట్లుండునో చూపు నిలువుటద్దమొకటి ఎదుట నడుచుచుండగా ఆ బిడ్డ పెరుగవలెను. మన ఇండ్లలో బంధుత్వపు వరుసలు ఎంత ప్రాణమో మీకు తెలియును. ఒక మనుష్యుడు తన కణమునుండి బిడ్డను పుట్టించుకొనినయెడల, ఆ బిడ్డ అతనిని నాయనా అని పిలువవలెనా, అన్నా అని పిలువవలెనా? దేహమునుబట్టి చూచినయెడల అతడు అన్నయే. తాతయు నాయనమ్మయు తల్లిదండ్రులగుదురు. పెంచిన తల్లి తన పెనిమిటి రూపమే తన యెదుట యౌవనమునకు వచ్చుట చూడవలెను. ఈ చిక్కులన్నిటిలోను ఆ బిడ్డ మాట అడిగినవారెవరు?

బిడ్డలను కోరుటయే తప్పా యని కొందరందురు. కాదు. హన్నా ఎంతగా కోరెనో మనకు తెలియును. అయితే హన్నా దేవుని అడిగెను, ఆజ్ఞాపించలేదు. ఇట్టి కుమారుడే కావలెనని కొలత ఇయ్యలేదు. పొందిన కుమారుని తన దుఃఖమునకు మందుగా దాచుకొనక దేవునికే ప్రతిష్ఠించెను. అడుగువాని చేతులు చాచియుండును. ఆజ్ఞాపించువాని చేతులు పిడికిలి బిగించియుండును. బిడ్డను చాచిన చేతులతోనే అందుకొనవలెను.

అట్టి బిడ్డ పుట్టినయెడల

ఎవరైనను దేవుని వెరపు లేక ఈ పని చేసి బిడ్డను పుట్టించినయెడల సంఘము ఏమి చేయవలెను? ఆ బిడ్డకు ఆత్మ యుండునా యని కొందరు అడుగుదురు. కవలలలో రెండవవానికి ఆత్మ లేదని ఎవరైనను చెప్పుదురా? ఆ బిడ్డయు స్త్రీ గర్భములో ఎదిగి, ఆకలికి ఏడ్చి, తల్లిని చూచి నవ్వును. దేవుని స్వరూపము కణమును కలిపినవాని చేతిలో లేదు, దేవుని దయలో ఉన్నది. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయములో స్పష్టముగా బోధించెను. చేసినవారి అహంకారమును గద్దింపుడి. బిడ్డను మాత్రము ఒడిలోనికి తీసికొనుడి. ఆ బిడ్డకు సొంత పేరు పెట్టుడి. నీవు ఎవరికిని నకలు కావు, నీకొరకును క్రీస్తు చనిపోయెనని చెప్పుడి. ఈ మాట ఇప్పుడే మన హృదయములలో నిలుపుకొనవలెను. లేనియెడల అట్టి బిడ్డ వచ్చునాటికి మనము రాళ్లు పట్టుకొని నిలిచియుందుము.

వైద్యము కొరకు మాత్రమే పిండమును చేసి, కణములు తీసికొని, దానిని పారవేయుట తగునా యను ప్రశ్న కూడ ఉన్నది. ఇందులో క్రైస్తవులలో భేదాభిప్రాయములున్నవి. 139వ కీర్తనకారుడు తాను రూపము తీరకముందే దేవుని కన్నులు తన్ను చూచెనని పాడెను. ఆ కన్నులు చూచుచుండగా, పగులగొట్టుటకే ఒక మనుష్య పిండమును చేయుట నా మనస్సాక్షికి ఒప్పదు. ఈ విషయములో దేవుడు మరియొక ద్వారము తెరచెను. 2006లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడైన షిన్యా యమనాకాయు ఆయన తోడివారును ఎలుక చర్మపు కణములను, ఆ మరుసటి యేట మనుష్యుని చర్మపు కణములను, పిండము లేకుండనే మూలకణములవలె మార్చిరి. ఆయనయే 2012లో గర్డనుతో కూడ నోబెలు బహుమానము పొందెను. విజ్ఞానమును చూచి భయపడువారికి ఇది మంచి పాఠము. ఒక త్రోవ తప్పని చెప్పుట విజ్ఞానమునే తప్పని చెప్పుట కాదు.

మన యింటి సంగతి

ప్రియులారా, ఇదంతయు ఎడింబరోలోను షాంఘైలోను జరుగు సంగతి, మన గ్రామమునకేమి అని అనుకొనవద్దు. ఆ యంత్రములు మన ఊరికి రాలేదు గాని, ఆ కోరిక మన ఊరిలో ఎప్పటినుండియో కాపురమున్నది. కుమారుడే కావలెనని స్కానింగు చేయించి, కుమార్తె యని తెలియగానే గర్భమును తీయించువాడు బిడ్డను కనువాడా, చేయువాడా? కుమ్మరి పనికిరాని కుండను పగులగొట్టినట్లే అతడు చేయుచున్నాడు. గర్భములోని బిడ్డ ఆడుబిడ్డయో మగబిడ్డయో పరీక్షించి చెప్పుటను మన దేశము 1994లోనే చట్టము చేసి నిషేధించెను. సంఘములో పేరున్నవారు సహితము ఆ చట్టమును చాటుగా దాటుచున్నయెడల, క్లోనింగును గూర్చి మన ప్రసంగమునకు విలువ యేమి?

తాను కాలేకపోయిన డాక్టరు తన కుమారుడు కావలెనని వానిని కొట్టి చదివించు తండ్రి, తన నకలును చేయుచున్నాడు. "మీ అన్నను చూచి నేర్చుకో" అని ప్రతి దినము చెప్పు తల్లి, రెండవ బిడ్డను మొదటి బిడ్డ అచ్చులో పోయుచున్నది. తాత పేరు మనుమనికి పెట్టుట మంచి మర్యాదయే; అయితే "మా నాయనే మళ్ళీ పుట్టాడు" అని చెప్పి ఆ పసివాని మీద తాత బ్రదుకంతయు మోపవద్దు. పేరు తాతది కావచ్చును గాని ప్రాణము వానిది, పిలుపు వానిది, దేవుని యెదుట లెక్క చెప్పవలసినవాడు వాడే.

బిడ్డను పోగొట్టుకొనినవారికి ఒక మాట. దావీదు తన బిడ్డ బ్రదికియుండగా ఉపవాసముండి నేలమీద పడియుండెను. బిడ్డ చనిపోయెనని విని లేచి, స్నానము చేసి, దేవుని మందిరములోనికి వెళ్లి మ్రొక్కెను. తాను వానియొద్దకు పోవుదును గాని వాడు తనయొద్దకు మరల రాడని చెప్పెను. ఆ మాటలో కన్నీరును ఉన్నది, నిరీక్షణయు ఉన్నది. మన బిడ్డలను తిరిగి చూచుట పునరుత్థానమందే. అప్పుడు మనకు దొరకునది పోలిక కాదు, నకలు కాదు. మన చేతులతో సమాధి చేసిన ఆ బిడ్డయే, పేరు పెట్టి పిలువబడి లేచివచ్చును. ఆ పనికి చాలిన చేయి ఒక్కటే యున్నది, అది మేకులచేత గాయపడిన చేయి.

ఈ నెలలో ప్రతి కుటుంబమువారును ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో యోబు గ్రంథపు కడవరి అధ్యాయము చదువుకొనుడి. చదివిన తరువాత మీ పిల్లలను ఒక్కొక్కరిని వారి పేరు పెట్టి పిలిచి, వారు ఉన్నట్టుగానే వారిని ఇచ్చినందుకు దేవునికి వందనములు చెల్లించుడి.

గర్భఫలమును దయచేయు దేవుడు, మనకిచ్చిన బిడ్డలను చాచిన చేతులతో అందుకొను మనస్సును, తీసికొనిన బిడ్డలనుగూర్చి ఓర్చుకొను నిరీక్షణను మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.